ఒక్క గీత లేని గోడ

2022 ఎండాకాలం. గద్వాల నుంచి రాయచూరు పోయే రోడ్డు పక్కన ఒక ఊళ్లో విత్తనాల కంపెనీలకు సీడ్ పత్తి పండించే తిరుపతయ్య అనే రైతు ఇల్లు కట్టుకుంటున్నాడు. ఆ ఇంటి హాల్లో రెండంతస్తుల ఎత్తున ఒక కాంక్రీటు గోడ ఉంది. గీసింది నేనే, దగ్గరుండి పోయించింది నేనే. ఇప్పటికీ కొత్తగా ఇల్లు కట్టుకుందామని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఫోన్లో ఆ గోడ ఫొటో చూపించి, "మాకు గూడ గిట్లనే కావాలె మేడం" అంటారు. నేను మాట మార్చి వేరే ఫొటోలు చూపిస్తాను.

నేను ఆర్కిటెక్టును. వనపర్తిలో ఎరువుల దుకాణం పైన నా ఆఫీసు. ఇరవై ఏళ్లకు పైగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఇళ్లు గీస్తున్నాను. మా వైపు ఇల్లంటే ముందు ఎలివేషన్, అంటే ఇంటి ముఖం. వాకిట్లో నాలుగు లావు స్తంభాలు, పిట్టగోడ మీద రెండు సిమెంటు సింహాలు, లోపల సీలింగుకు పీవోపీ పువ్వులు, ఆ పువ్వుల్లో నీలం లైట్లు. నేను కాదంటే ఇంకొకరు గీస్తారు కాబట్టి నేనూ గీశాను. ఆ సింహాలే నాకు అన్నం పెట్టాయి. కానీ చదువుకున్న రోజుల నుంచి ఒక్క కోరిక మిగిలిపోయింది. రంగూ పూతా లేకుండా, కాంక్రీటును కాంక్రీటుగానే నిలబెట్టి ఒక్క ఇల్లు కట్టాలని. అడిగేవాడు దొరకలేదు. తిరుపతయ్య తనంతట తానే వచ్చి అడిగాడు.

యాభై దాటిన మనిషి. మాట తక్కువ, పట్టు ఎక్కువ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. సీడ్ కంపెనీ వాళ్లు మీటింగుకు బెంగళూరు తీసుకుపోతే, దిగిన హోటల్లో ఒక బూడిదరంగు గోడ చూసి ఫొటో తీసుకొచ్చాడు.

"గిట్ల కావాలె మేడం. రంగు లేదు, లప్పం లేదు. బండను నిలవెట్టినట్టు ఉన్నది."

"దీన్ని ఎక్స్‌పోజ్డ్ కాంక్రీట్ అంటారు. మీ ఊళ్లో నవ్వుతారు. ఫరవాలేదా?"

"నవ్వనీయుండ్రి. గద్వాలల ఎవనింట్ల చూసినా ఆ పీవోపీనే. ఎవ్వరింట్ల లేనిది నా ఇంట్ల ఉండాలె."

ఎక్స్‌పోజ్డ్ కాంక్రీట్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. మామూలు గోడకు ఇటుక పేర్చి, ప్లాస్టరింగ్ చేసి, లప్పం పెట్టి, రంగు వేస్తాం. కట్టేటప్పుడు చేసిన తప్పులన్నీ ఆ పూత కింద దాగిపోతాయి. మా పనిలో ప్లాస్టరింగ్ కప్పని పాపం లేదు. ఎక్స్‌పోజ్డ్ కాంక్రీట్‌కు ఆ సౌకర్యం ఉండదు. రెండు వైపులా షట్టరింగ్ పలకలు నిలబెట్టి, నడుమ ఇనుము కట్టి, కాంక్రీటు పోస్తాం. కొన్నాళ్లకు పలకలు ఊడదీస్తే ఏది కనిపిస్తే అదే గోడ. పలక వంకర పోతే గోడ వంకర. మాల్, అంటే కలిపిన కాంక్రీటు, సరిగ్గా కూరుకోకపోతే తేనెపట్టు లాగా గుంటలు. పోసేటప్పుడు నడుమ ఆగితే, ముందు పోసింది గట్టిపడి, మీద పోసింది దానితో కలవక అడ్డంగా వంకరటింకర గీత పడుతుంది. దాన్ని కోల్డ్ జాయింట్ అంటారు. ఎండాకాలమైతే కాసేపు ఆగినా పడుతుంది. ఒకసారి పడితే ఇక పోదు.

అందుకే అసలు గోడకు ముందు ఒక శాంపిల్ ప్యానెల్ పోస్తాం. మనిషి ఎత్తు చిన్న గోడ, వాకిట్లో ఓ మూలకు. రంగు, నునుపు అందులో చూసుకుంటాం. ఆ ప్యానెల్ పలకలు ఊడదీసిన రోజునే నేను తిరుపతయ్య అక్క సత్తెమ్మను మొదటిసారి చూశాను.

పాన్‌గల్ నుంచి వచ్చింది. భర్త పోయి చాలా ఏళ్లు. కొడుకు మల్లేశ్ అక్కడే ఆటో నడుపుతాడు. తిరుపతయ్య కంటే పదీ పన్నెండేళ్లు పెద్దది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమెనే అని ఊళ్లో అందరూ చెప్తారు. నడిస్తే ఆయాసం. అయినా ఆ ప్యానెల్ చుట్టూ ఒక చుట్టు తిరిగి తమ్ముణ్ణి అడిగింది.

"ఏంది రా తమ్మీ, ప్లాస్టరింగ్ చేసెటోడు పారిపోయిండా?"

పనివాళ్లు నవ్వారు. తిరుపతయ్య మొహం ముడుచుకున్నాడు. ఆమె అదేమీ పట్టించుకోకుండా గోడకు అరచెయ్యి ఆనించి నాతో అంది.

"నా చేతుల మీద శానా పోసినం బిడ్డా. వంతెనలు, కాల్వలు, అపార్టుమెంట్లు. మేం పోసి దిగినంక దాని మీద ప్లాస్టరింగ్ చేసి దాస్తుండె. ఇది దాస్తలేరు. మంచిగనే ఉన్నది."

ఆ ప్యానెల్ గురించి నాకు అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు. వానలు లేని ఏళ్లలో ఆమె వలస కూలీల గుంపులో కలిసి ఊరూరా తిరిగి తట్ట మోసిందని అప్పుడే తెలిసింది. పెద్ద గోడ ఎక్కడ వస్తుందో చూపిస్తే, "గింత గోడ కడ్తున్నరు, ఒక గూడు పెట్టు బిడ్డా, దీపం పెట్టనీకె" అని అడిగింది. గూడు కష్టం కాదు. పోసే ముందు షట్టరింగ్ లోపల ఒక చెక్కపెట్టె బిగిస్తే, పలకలు ఊడదీశాక ఆ మేర బోలుగా మిగులుతుంది. పెడతానన్నాను.

గూడు అనగానే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆ గోడ ఎత్తు నన్ను ముందు నుంచీ భయపెడుతూనే ఉంది. తిరుపతయ్యతో అన్నాను.

"గూడు కింది అంచు వరుసలో, గోడ పొడుగునా లోపల ఒక సన్నని చెక్క పట్టీ కొడదాం. పోసేటప్పుడు ఏ అడ్డం వచ్చినా అక్కడిదాకా పోసి ఆపుకోవచ్చు. మళ్లీ మిగతాది ఇంకో రోజు పోయొచ్చు. అడ్డంగా తిన్నటి గీత ఒకటి వస్తుంది. కావాలని పెట్టినట్టే ఉంటుంది."

"గీతనా? కొత్త ఇంటి గోడకు బీట లెక్క గీత ఎందుకు మేడం? వద్దు. ఒక్క గీత పడొద్దు. పొద్దుగాల మొదలు పెడితే అయిపోయేదాంక ఆపేది లేదు."

"అడ్డం ఏదన్నా వస్తే?"

"ఏమొస్తది? రానియ్య."

సత్తెమ్మ సిమెంటు బస్తాల మీద కూర్చుని ఇదంతా వింటోంది. కొంగుతో మొహం తుడుచుకుని నాతో చెప్పడం మొదలుపెట్టింది. చెప్పింది నాతోనే గానీ చూపు తమ్ముడి మీద ఉంది.

"కర్ణాటకల కాల్వ మీద వంతెన పోస్తున్నం బిడ్డా. మా అమ్మ పోయిందని పొద్దుగాలనే కబురొచ్చింది. గుంపు మేస్త్రి నాకు చెప్పలే. స్లాబు నడుస్తుంటే ఒక్క మనిషి తగ్గినా తట్టల వరస తెగుతది గద. పొద్దుగూకి, మాల్ అయిపోయినంక చెప్పిండు. కాళ్లకు సిమెంటు గట్లనే ఉండె, బస్సెక్కిన. నేను ఊరికొచ్చేటాలకు అంత అయిపోయింది. మా అమ్మ మొఖం సూడలే."

కాసేపు ఊపిరి తీసుకుంది.

"వీడు గప్పుడు గింత పిలగాడు. 'అక్క వస్తది, అక్క వచ్చేదాంక లేపొద్దు' అని పాడె పట్టుకొని ఏడ్చిండంట. ఆ మేస్త్రిగాడు యాదికొస్తె ఇప్పటికి నోరు చేదైతది. పట్టీ పెట్టించుకో రా తమ్మీ. ఎప్పుడేమొస్తదో ఎవరికి ఎర్క?"

"ఎందుకక్కా గవన్ని ఇప్పుడు" అన్నాడు తిరుపతయ్య. పట్టీ మాత్రం వద్దన్నాడు. ఇల్లు ఆయనది. నేను గీసిన కాగితం మీద పట్టీ గీత కొట్టేశాను.

ఇక్కడ ఊరివాళ్ల సంగతి కూడా చెప్పాలి. శాంపిల్ ప్యానెల్ చూసినప్పటి నుంచి, "తిరుపతయ్య ఇల్లు సగంల ఆగిందంట, సీడ్ పైసలు రాలేదంట" అని హోటళ్ల దగ్గర అనుకోవడం మొదలైంది. ఆ మాటలు ఆయన చెవిన పడుతూనే ఉన్నాయి. పడేకొద్దీ పట్టుదల పెరిగింది. గోడ పోసే రోజు ఊళ్లో పెద్దలను పిలుస్తానన్నాడు. స్లాబు పోసిన రోజున పనివాళ్లకు మాంసంతో అన్నం పెట్టడం మా వైపు ఆనవాయితీ. గోడకు ఎవరూ పెట్టరు. ఆయన గోడకు కూడా మేకను కోయిస్తానన్నాడు.

గోడకు ఇనుము కడుతుండగానే సత్తెమ్మకు ఆయాసం ఎక్కువైంది. మల్లేశ్ వనపర్తి దవాఖానలో చేర్పించాడు. నా ఆఫీసుకు దగ్గరే కాబట్టి చూడడానికి పోయాను. ముక్కుకు గొట్టం పెట్టారు. నన్ను చూడగానే "గోడ పోసిన్రా?" అని అడిగింది.

"ఇంకా లేదమ్మా. నీ గూటికి పెట్టె తయారైంది."

"తమ్మున్ని జర రమ్మను బిడ్డా. మల్లేశ్ చెప్తె రేపు మాపు అంటుండంట. నువ్వు చెప్తె వింటడు. ఒక్కపారి కనవడి పొమ్మను."

దవాఖాన మెట్ల మీద నుంచే ఫోన్ చేశాను. "పోతనే మేడం. గోడ అయిపోనీయుండ్రి. అక్కకు ఆయాసం కొత్తనా?" అన్నాడు. మీ అక్క గొంతు బాగా లేదు, ఒకసారి వచ్చి పొండి అని మళ్లీ చెప్పాను. ఊ అన్నాడు. రాలేదు.

గోడ పోసే రోజు తెల్లవారకముందే అక్కడికి చేరాను. ఎండ ముదరక ముందే సగం ఎత్తయినా లేవాలని మా తొందర. కర్నూలు నుంచి రెడీమిక్స్ లారీలు వచ్చాయి. రెడీమిక్స్ అంటే ప్లాంటులో కలిపి, డ్రమ్ము తిప్పుకుంటూ తెచ్చే కాంక్రీటు. పంపు గొట్టం గోడ మీదికి వంగింది. కొబ్బరికాయ కొట్టారు. కొద్దికొద్ది ఎత్తున పొరలుగా పోస్తూ, ప్రతి పొరలోకీ వైబ్రేటర్ దింపుతూ వచ్చాం. అది సన్నని గొట్టం, లోపలికి దింపితే అదురుతూ గాలి బుడగలను పైకి తెస్తుంది, కొత్త పొరను పాత పొరతో కలుపుతుంది. ఆ చప్పుడులో మాటలు వినబడవు, సైగలే. షట్టరింగ్ మేస్త్రీ ఖాజా కింద తిరుగుతూ సుత్తితో పలకలు తట్టి చూస్తున్నాడు. నేను పరంజా మీద ఉన్నాను.

గోడ ఛాతీ ఎత్తుకు వచ్చినప్పుడు తిరుపతయ్యకు ఫోన్ వచ్చింది. పైనుంచి చూశాను. చెవి దగ్గర పెట్టుకుని నీళ్ల ట్యాంకరు పక్కకు పోయాడు. తిరిగి వచ్చి ఫోన్ జేబులో వేసుకున్నాడు. మళ్లీ తీసి, మీట నొక్కి పట్టుకుని, బంద్ చేసి వేసుకున్నాడు. నా వైపు చూసి, ఇంకా ఎన్ని లారీలు అని వేళ్లతో అడిగాడు. మూడు అని చూపించాను. కానివ్వండి అని చెయ్యి ఊపాడు.

మధ్యాహ్నం పనివాళ్లను వంతుల వారీగా తినడానికి దించాం, పంపు ఆగకుండా. తిరుపతయ్యే వడ్డించాడు. నా విస్తట్లో ఏరి ఏరి ముక్కలు వేశాడు. ఆయన తినలేదు. "కడుపుల మంచిగ లేదు" అన్నాడు.

"అక్కకు ఎట్లుంది?" అని అడిగాను.

"ఉన్నది మేడం" అన్నాడు.

పొద్దు వాలుతుండగా గోడ తలకట్టు దాకా నిండింది. పంపు ఆగింది. ఊరి పెద్దలు తిరుపతయ్య భుజం తట్టారు. ఆయన షట్టరింగ్ పలక మీద చెయ్యి పెట్టి, నాకు దండం పెట్టి, కాళ్లు కూడా కడుక్కోకుండా కారు తీసుకుని పోయాడు. అక్కను చూడడానికి ఇప్పటికైనా పోతున్నాడని సంతోషించాను. నేను వనపర్తికి తిరిగి వస్తూ బీచుపల్లి దగ్గర ఆగి ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టాను. ఏ అడ్డంకీ రాకుండా గడిచిందని.

మరునాడు ఫోన్ చేశాడు. "అక్క పోయింది మేడం, నిన్న" అన్నాడు. నిన్న అంటే రాత్రి అనుకున్నాను. సాయంత్రం పోయి చూసుకున్నాడు, ఆ మాత్రమైనా దక్కింది అనుకున్నాను. "దినాలయ్యేదాకా పలకలు ఊడదీయొద్దు, ఎంత ఎక్కువ ఉంటే గోడకు అంత మంచిది, పైనుంచి నీళ్లు మాత్రం పట్టించండి" అని చెప్పి, ఓదార్చి, ఫోన్ పెట్టేశాను. ఓదార్చాను అన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దినాలయ్యాక పలకలు ఊడదీశాం.

ఆ గోడ సంగతి దాచిపెట్టి చెప్పను. నా ఇరవై ఏళ్ల పనిలో అంత మంచి గోడ రాలేదు. కింద నుంచి పైదాకా ఒకే రంగు. ఏ పొర ఎక్కడ కలిసిందో తెలియదు. గూడు అంచులు కత్తితో కోసినట్టు వచ్చాయి. ఖాజా రెండు చేతులతో తడిమి చూసి, "ఒక్క గీత లేదు మేడం, దూరం కెల్లి చూసినా లేదు, దగ్గర కెల్లి చూసినా లేదు" అన్నాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫోన్ తీసి ఫొటోలు తీస్తున్నాను. తిరుపతయ్య గోడకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అప్పుడు బయట ఆటో ఆగింది. మల్లేశ్ గుండుతో లోపలికి వచ్చాడు. చేతిలో బట్టల దుకాణం సంచీ. ఎవరినీ పలకరించలేదు. ఖాళీ హాల్లో సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసి, గోడలోని గూట్లో పెట్టాడు.

"మామా, ఇది నీ కాడనే పెట్టుకో" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏమిటి మల్లేశ్?" అని అడిగాను.

"చీర మేడం. మా అమ్మకు తెచ్చిండు. మట్టి వేసినంక తెచ్చిండు."

మా వైపు ఆడమనిషి చనిపోతే పుట్టింటివాళ్లు చీర తేవాలి. అన్నో తమ్ముడో వచ్చి ఆ చీర కప్పిన తర్వాతే లేపుతారు. పుట్టిల్లు ఎంత దూరమైనా, ఎన్ని గొడవలున్నా, ఆ చీర కోసం ఆగుతారు. సత్తెమ్మకు పుట్టిల్లంటే ఈ తమ్ముడొక్కడే.

"ఎప్పుడు పోయింది?" అని అడిగాను. అడుగుతూనే నాకు తెలిసిపోయింది.

"గోడ పోసిన్రు గద, ఆ పొద్దుగాలనే. దవాఖాన కెల్లే ఫోన్ చేసిన. మామా, అమ్మ పోయింది, చీర తీస్కొని రా అన్న. వస్తున్న అన్నడు. గంతే, ఫోన్ బంద్. ఊరికి తీస్కపోయి వాకిట్ల పండవెట్టి కూసున్నం. ఎండ. అందరు రోడ్డు దిక్కే సూసుడు. ఊరోళ్లు ఎంత సేపని ఆగుతరు? పొద్దుగూకక ముందుకు లేపాలె గద. ఆఖరికి పక్కింటామె తన పెట్టెల కెల్లి చీర తెచ్చిచ్చింది. దిక్కులేని దాన్ని పంపినట్టు పంపినం మేడం."

తిరుపతయ్య అప్పుడు నోరు తెరిచాడు.

"పంపు నడుస్తుండె రా. చావు కబురు తెలిస్తె పనోళ్లు ఆపుతుండిరి. నడుమల ఆపితే గీత పడ్తదని మేడమే చెప్పె."

పనివాళ్లందరూ నా వైపు చూశారు. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది.

"పట్టీ పెడదామన్నాను తిరుపతయ్య గారు. ఆపుకోవడానికే పెడదామన్నాను. వద్దన్నది మీరు. మీ అక్క కూర్చుని చెప్పింది, పెట్టించుకో రా అని. మీ అమ్మ చావు కబురు దాచిన మేస్త్రీ సంగతి మీ ఎదురుగానే చెప్పింది. ఆ రోజు పాడె పట్టుకుని ఏడ్చింది మీరే కదా."

పట్టీ లేకపోయినా ఆపొచ్చు. వంకర గీత పడేది, పడితే ఏమయ్యేది? ఇల్లు కూలేది కాదు. ఆ గీతకు ఒక బీరువా అడ్డం వచ్చేది, లేకపోతే దాని మీద ఒక పటం వేలాడేది. చెప్పి ఉంటే మరుక్షణం పంపు ఆపించేదాన్ని. నడుస్తున్న పని ఆపడం మా వృత్తిలో పెద్ద విద్యేమీ కాదు.

మల్లేశ్ గోడ దగ్గరికి నడిచాడు. కింది నుంచి పైదాకా చూశాడు. వాళ్లమ్మ ప్యానెల్‌కు ఆనించినట్టే అరచెయ్యి ఆనించాడు.

"మంచిగొచ్చింది మామా" అన్నాడు. "ఏడ ఆగినట్టు కనవడ్తలేదు."

పోయి ఆటో ఎక్కాడు.

నేను ఫోన్లో కెమెరా మూసి బయటికి వచ్చేశాను. చావు కబురు జేబులో పెట్టుకున్న మనిషి చేత్తో వడ్డించిన మాంసం తిన్నాను. 'ఉన్నది' అంటే నమ్మాను. నాకూ ఇద్దరు తమ్ముళ్లున్నారు. ఆ రాత్రి ఇద్దరికీ ఫోన్ చేశాను, ఏమీ చెప్పలేదు, తిన్నారా అని అడిగి పెట్టేశాను. ఆ మనిషి మీద అసహ్యం వేసింది. ఇన్నేళ్లు కోరుకుని కట్టిన గోడ మీద కూడా వేసింది, అందుకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

గృహప్రవేశానికి పోలేదు. గోడ పేరు మాత్రం నాకంటే ముందే ఊళ్లు తిరిగింది. సగంలో ఆగిన ఇల్లని నవ్వినవాళ్లే చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చి దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. బిజినేపల్లి నుంచి ఒకాయన కారు వేసుకుని వచ్చి చూసి, నేరుగా నా ఆఫీసుకు వచ్చాడు. లోకం తీరు అంతే. గోడను చూస్తారు.

ఏడాది దాటాక తిరుపతయ్య ఫోన్ చేసి ఒక్కసారి రమ్మన్నాడు. గోడకు ఏదైనా అయిందేమో అని పోయాను. ఏమీ కాలేదు, ఇంకా నునుపు తేలింది. సోఫాలన్నీ గోడకు వీపు పెట్టి వేసి ఉన్నాయి. గూట్లో దీపం లేదు. ఆ సంచీ అట్లాగే ఉంది, మీద దుమ్ము. తిరుపతయ్య బాగా చిక్కిపోయాడు. టీ ఇచ్చి, కాసేపు పత్తి సంగతులు చెప్పి, లేచి గోడ దగ్గరికి పోయాడు. ఛాతీ ఎత్తున వేలు పెట్టాడు.

"ఫోన్ వచ్చినప్పుడు మాల్ ఇగో, ఇక్కడిదాంక ఉండె మేడం. నాకు మంచిగ యాదున్నది. ఇక్కడ అడ్డంగ ఒక గీత కొట్టియ్యుండ్రి. కట్టర్ పెట్టి."

"ఎందుకు?"

"మల్లేశ్ గడప తొక్కుతలేడు. వాని పెండ్లికి గూడ పిలవలే. ఒక్కపారి తోల్కొచ్చి చూపిస్త. నేను ఆపిన అని కాదు. ఇగో, ఆపాల్సిన జాగ ఇది, నాకు ఎర్కనే ఉండె అని చెప్త."

జాలి వేయలేదంటే అబద్ధం. కానీ కోపం దాని కంటే ఎక్కువగా ఉంది, ఇప్పటికీ ఉంది. చేతులు కాలాక పట్టుకునే ఆకులు నా దగ్గర వెతుకుతున్నాడు.

"నిజంగా ఆపి మళ్లీ పోసిన గోడకు గీత కింద ఒక రంగు, మీద ఒక రంగు ఉంటుంది తిరుపతయ్య గారు. రెండు రోజుల కాంక్రీటు ఎప్పుడూ ఒకటిగా రాదు. కట్టర్‌తో కోస్తే కిందా మీదా ఒకటే రంగు. ఆపలేదని ఇంకా బాగా కనిపిస్తుంది. మల్లేశ్ పిచ్చివాడు కాదు."

ఆయన వేలు అక్కడి నుంచి తీయలేదు. నేను టీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. తర్వాత ఎవరితోనైనా కొట్టించాడో లేదో తెలియదు, కనుక్కోలేదు.

ఆ గోడ నాకు నేర్పింది ఒక్కటే. ఆపుకునే చోటు ముందే పెట్టుకోవాలి, అది యజమాని ఇష్టానికి వదిలేయకూడదు. అప్పటి నుంచి నేను పోయించే ప్రతి గోడకూ లోపల చెక్క పట్టీ కొట్టిస్తున్నాను. ఎవరినీ అడగను. డ్రాయింగులో డిజైన్ అని రాస్తాను. పోసే రోజు పొద్దున ఇంటివాళ్లను పిలిచి, ఫోన్ బంద్ చేయొద్దు, ఏ కబురొచ్చినా ముందు నాకు చెప్పండి, పట్టీ దాకా పోసి ఆపేద్దాం అంటాను. "అట్లాంటిదేం రాదు లెండి మేడం" అని నవ్వుతారు. నవ్వనిస్తాను.

మొన్న నాగర్‌కర్నూల్‌లో ఒక ఇంటి గోడకు పలకలు ఊడదీశాం. ఇంటావిడ వచ్చి, నడుమ అడ్డంగా తిన్నగా పోయిన ఆ గీత వెంట వేలితో రాసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది.

"మంచిగున్నది మేడం. ఇది ఎందుకు పెట్టిన్రు?"

"అందానికే" అన్నాను. ఆమెకు తమ్ముళ్లున్నారా అని అడగబోయి ఊరుకున్నాను.